భీమవరం రొయ్యల ల్యాబ్‌లో ఆరో సెమ్ ఇంటర్న్‌షిప్: నా అనుభవం

రిజల్ట్స్ వచ్చేశాయి కాబట్టి ఇప్పుడు కొంచెం ధైర్యంగా రాస్తున్నా. నాది బీఎస్సీ ఆక్వాకల్చర్, జువాలజీ, కెమిస్ట్రీ, 2022లో జాయినైన బ్యాచ్. మాకు ఆరో సెమ్ మొత్తం ఇంటర్న్‌షిప్పే, క్లాసులు లేవు, 12 క్రెడిట్లు, 200 మార్కులు. జూనియర్లు రోజూ మెసేజ్ పెడుతున్నారు, అక్కా ఎక్కడ చేశావ్, సర్టిఫికెట్‌కి ఎంత తీసుకున్నారు అని. అందరూ అదే అడుగుతున్నారు, ఎంత తీసుకున్నారు అని. ఒక్కొక్కరికీ విడివిడిగా చెప్పే ఓపిక లేక మొత్తం ఇక్కడే రాసేస్తున్నా.

ఐదో సెమ్ ఎగ్జామ్స్ నవంబర్ చివర్లో అయ్యాయి. డిసెంబర్ 2 సోమవారం అందర్నీ డిపార్ట్‌మెంట్‌లో కూర్చోబెట్టి ఎవరి ప్లేస్ వాళ్ళే వెతుక్కోండి, 16 నుంచి మొదలెట్టాలి, గైడ్ పేర్లు బోర్డు మీద అంటించాం చూసుకోండి అన్నారు. అంతే, అయిపోయింది మీటింగు. భీమవరంలో చదువుతూ ఆక్వాలో ఇంటర్న్‌షిప్ దొరక్కపోవడం ఏంటి అనుకుంటాం కదా, పక్కనున్న ఉండి ఊరి వైపెళ్ళినా, కాళ్ళ ఊరి వైపెళ్ళినా చెరువులే, నీళ్ళలో గాలి కలిపే ఏరేటర్లు తిరుగుతూనే ఉంటాయి, రోడ్డు పక్కన మనుషుల మందుల షాపుల కంటే రొయ్యల మందుల షాపులే ఎక్కువ. దొరకలేదండి బాబూ. ముందు ఒక ప్రాసెసింగ్ ప్లాంటుకి వెళ్ళాం నేనూ మా ఫ్రెండూ. గేటు దగ్గర సెక్యూరిటీ ఆయన మమ్మల్ని చూసి "గ్రేడింగుకా అమ్మా, మేస్త్రిని కలవండి, వ్యాను పొద్దున్నే వస్తది" అన్నాడు. ఆయన తప్పేం లేదు, ఆ గేటుకి వచ్చే ఆడపిల్లలందరూ రొయ్యల్ని సైజుల వారీగా వేరు చేసే ఆ పనికే వస్తారు. లోపల ఆఫీసులో ఆయన మాత్రం లెటర్ మొత్తం చదివి, ఎక్స్‌పోర్ట్ యూనిట్‌లోకి బయటవాళ్ళని పంపితే ఆడిట్‌లో ఇబ్బంది అని మర్యాదగానే పంపించేశాడు. తర్వాత ఒక హేచరీకి, అంటే రొయ్య పిల్లల్ని పుట్టించే చోటికి, ఫోన్ చేశాం. హేచరీలు సముద్రం ఒడ్డున ఉంటాయి, రోజూ వెళ్ళొచ్చే దూరం కాదు, అక్కడే రూము ఇస్తాం ఉండండి అన్నారు. మా నాన్న స్పీకర్‌లో అంతా విని "సరేనండి, ఆలోచించుకుని చెప్తాం" అని ఫోన్ పెట్టేసి, ఇంకోటి చూసుకో అమ్మా అన్నారు. ఇక దాని గురించి ఇంట్లో మాట్లాడే పని లేదు.

ఈలోపు క్లాస్ గ్రూపులో లింకులు మొదలయ్యాయి. పదిహేను వందలు కడితే ఆన్‌లైన్ ఇంటర్న్‌షిప్, మూడు వేలైతే ప్రాజెక్ట్ రిపోర్టు కూడా వాళ్ళే ఇస్తారంట, లాగ్‌బుక్‌లో ఏం రాయాలో పీడీఎఫ్ కూడా పంపుతారంట. మా క్లాసులో సగం మంది పైగా అటే వెళ్ళారు. నేను వెళ్ళకపోవడానికి కారణం గొప్పతనం కాదు, ఇంట్లో మూడు వేలు అడగడం ఇష్టం లేక.

చివరికి దొరికింది మా బాబాయ్ వల్ల. బాబాయ్ నాలుగెకరాల చెరువు లీజుకి చేస్తాడు, నీళ్ళు టెస్ట్ చేయించుకునే షాపుకి నన్ను బండి మీద తీసుకెళ్ళాడు. ముందు మందుల షాపు, వెనక రెండు గదుల ల్యాబ్. ల్యాబ్ సార్ ఎమ్మెస్సీ చేసినాయన, మైక్రోస్కోప్ లోంచి తల ఎత్తకుండానే "గిన్నెలు కడుగుతావా" అని అడిగారు. కడుగుతానండి అన్నా. "అయితే రా" అన్నారు. అది డిసెంబర్ 11. ఇంటర్వ్యూ మొత్తం అదే.

అసలు కష్టం లెటర్ దగ్గర మొదలైంది. కాలేజీకి యాక్సెప్టెన్స్ లెటర్ కావాలి, లెటర్‌హెడ్ మీద, స్టాంపుతో, సంతకంతో. షాపు పేరు ఒకటి, ల్యాబ్ బోర్డు మీద పేరు ఇంకోటి, బిల్లు బుక్కు మీద ఓనర్ గారి భార్య పేరుతో మూడోది. లెటర్‌హెడ్ అసలు లేదు. వాళ్ళకి ఎప్పుడూ అవసరం పడలేదు, రైతుకి లెటర్‌హెడ్ ఎందుకు. నేనే డీటీపీ షాపుకెళ్ళి లెటర్‌హెడ్ డిజైన్ చేయించి ప్రింట్ తీయించా, 80 రూపాయలు. స్టాంపు ఓనర్ గారి ఇంట్లో ఉంది, ఆయన ఊళ్ళో లేరు. 16న జాయినయ్యా కానీ లెటర్ నా చేతికొచ్చింది 20న, అది కూడా గైడ్ మేడం మంచావిడ కాబట్టి ముందు మొదలెట్టు లెటర్ తర్వాత ఇద్దువు గాని అన్నారు. అందరు గైడ్లూ అలా అనరు. నా ఫ్రెండ్‌కి లెటర్ లేట్ అయిన వారం మొత్తం అటెండెన్స్‌లో కలపలేదు. కాబట్టి ప్లేస్ ఖాయమైన రోజే మూడు విషయాలు అడిగేయండి, ఏ పేరు మీద ఇస్తారు, స్టాంపు ఎవరి దగ్గరుంది, సంతకం ఎవరు పెడతారు. సర్టిఫికెట్, లాగ్‌బుక్, రేటింగ్ షీట్ అన్నిట్లో అదే పేరు, అదే స్టాంపు, అదే సంతకం ఉండాలి, లేకపోతే వైవాలో అక్కడే పట్టుకుంటారు.

మొదటి రెండు వారాలు నిజంగానే గిన్నెలు కడిగా. పిప్పెట్లు, బ్యూరెట్లు, కోనికల్ ఫ్లాస్కులు, ఇంక రైతులు తెచ్చే సీసాలు. నీళ్ళు తెచ్చే సీసాల గురించి ఒక పుస్తకం రాయొచ్చు. కూల్ డ్రింక్ సీసాలు, మినరల్ వాటర్ సీసాలు, క్వార్టర్ సీసాలు. క్వార్టర్ సీసాలో చెరువు నీళ్ళు తెచ్చి పీహెచ్ చూడమంటే ఎవరి పీహెచ్ చూడాలో తెలీదు అని సార్ నవ్వేవారు. అదే చెరువు నీళ్ళతో రెండు మూడు సార్లు తొలిపి, పైన తేట కాకుండా ఒక అడుగు లోపల ముంచి, గాలి లేకుండా నిండా పట్టి మూత పెట్టాలి. ఈ మాట కౌంటర్లో నిలబడి నేను ఎంతమందికి చెప్పానో లెక్కలేదు.

ఇంకో తమాషా లేబుళ్ళు. "రాజు గారు, చెరువు 2" అని రాసి పెట్టి వెళ్ళిపోతారు. భీమవరంలో రాజు గారు అంటే ఎవరండీ, కౌంటర్ ముందు నిలబడ్డ నలుగుర్లో ముగ్గురు రాజు గార్లే. అందుకే ఊరు, ఇంటిపేరు, చెరువు నంబరు, సీడ్ (రొయ్య పిల్లలు) వదిలి ఎన్ని రోజులైంది, ఇవన్నీ అడిగి నేనే మార్కర్‌తో రాసేదాన్ని. ఎన్ని రోజుల పంట అనేది మర్చిపోకుండా అడగాలి, ఎందుకంటే నలభై రోజుల చెరువుకీ తొంభై రోజుల చెరువుకీ అదే అమ్మోనియా వచ్చినా సార్ చెప్పే మాట వేరుగా ఉంటుంది. మొదట్లో "పాపా సార్ లేరా" అనేవాళ్ళు, సార్ ఫీల్డుకి వెళ్ళారంటే సీసా అక్కడ పెట్టి వెళ్ళిపోయేవాళ్ళు, నాతో మాట్లాడేవాళ్ళు కాదు. ఫిబ్రవరికి "మేడం గారూ మా రిపోర్టు" అనడం మొదలెట్టారు. సిగ్గు లేకుండా చెప్తున్నా, మొదటిసారి మేడం గారూ అన్న రోజు బస్సులో ఇంటిదాకా నవ్వుకుంటూనే వెళ్ళా.

సంక్రాంతికి ల్యాబ్ ఖాళీ. జనవరి 13 భోగి నుంచి కనుమ దాకా ఒక్క సీసా రాలేదు, రైతులందరూ కోడిపందేల బరుల దగ్గరే, భీమవరం సంగతి తెలిసిందే కదా. ఆ ఖాళీలో సార్ నాకు టైట్రేషన్ నేర్పించారు. కాలేజీలో హార్డ్‌నెస్, అంటే నీళ్ళలో కాల్షియం మెగ్నీషియం ఎంతుందో తేల్చే ప్రాక్టికల్ చేశాం, ఐదుగురికి ఒక బ్యూరెట్టు, రీడింగు పక్క బ్యాచ్‌ది చూసి వేసేవాళ్ళం. ఇక్కడ అలా కుదరదు. 50 ఎంఎల్ నీళ్ళు, బఫర్, ఎరియోక్రోమ్ బ్లాక్ టీ అనే రంగు పొడి చిటికెడు వెయ్యగానే ద్రాక్షరసం రంగు వస్తుంది, ఈడీటీఏ చుక్కలు చుక్కలుగా వదులుతూ ఫ్లాస్కు తిప్పుతుంటే చాలాసేపు ఏమీ కాదు, ఆ తర్వాత ఊదా రంగు కనిపిస్తుంది, అక్కడ ఆపెయ్యాలనిపిస్తుంది, ఆపకూడదు, ఇంకో ఒకటి రెండు చుక్కలకి ఎర్రదనం పూర్తిగా పోయి శుభ్రమైన నీలం వస్తుంది. ఆ ఒకటి రెండు చుక్కల దగ్గర చెయ్యి ఆగడం రావాలి. సార్ ఒకే నీళ్ళు మూడు ఫ్లాస్కుల్లో పోసి ఇచ్చి మూడూ ఒకే రీడింగు వచ్చేదాకా రైతుల శాంపిల్ ముట్టనివ్వలేదు. ఇదే విషయం వైవాలో నన్ను కాపాడింది, తర్వాత చెప్తా.

సాలినిటీ, అంటే నీళ్ళలో ఉప్పు ఎంతుందో చూసే రిఫ్రాక్టోమీటర్ నాకు చాలా ఇష్టం, ఒక చుక్క వేసి వెలుతురు వైపు పెట్టి చూస్తే లోపల గీత మీద నంబరు కనిపిస్తుంది, అంతే. అమ్మోనియా కిట్టు తేలికే, చుక్కలు వేసి రంగు కార్డుతో పోల్చడం, కానీ పీహెచ్ పెరిగితే అదే అమ్మోనియా ఎక్కువ విషం అవుతుంది కాబట్టి శాంపిల్ ఏ టైముకి పట్టారో అడగాలి, పొద్దున్న పీహెచ్‌కీ సాయంత్రం పీహెచ్‌కీ తేడా ఉంటుంది. డీఓ, అంటే నీళ్ళలో కరిగిన ఆక్సిజన్, మాత్రం సీసాలో తెస్తే తేలదు, చెరువు గట్టు మీదే కెమికల్ కలిపి ఫిక్స్ చెయ్యాలి లేదా మీటర్ తీసుకెళ్ళాలి. రిపోర్టులో డీఓ కాలమ్ ఖాళీగా ఉంటే రైతులు డబ్బులు తీసుకుని టెస్ట్ ఎగ్గొట్టాం అనుకుంటారు, ప్రతిసారీ చెప్పాల్సిందే.

ఫిబ్రవరిలో విబ్రియో ప్లేట్లు, అంటే రొయ్యలకి జబ్బు తెచ్చే విబ్రియో బ్యాక్టీరియాని ప్లేట్లలో పెంచి చూడటం. దాన్ని పెంచే టీసీబీఎస్ మీడియా ఆటోక్లేవ్ (ప్రెషర్ ఆవిరిలో ఉడికించడం) చెయ్యకూడదు, మరిగించి పోసెయ్యాలి, మిగతావన్నీ ఆటోక్లేవ్ చెయ్యాలి అని మైక్రోబయాలజీలో చదివిన మనకి ఇది వింతగా ఉంటుంది. రాత్రి ఇంక్యుబేటర్లో పెడితే మర్నాటికి పసుపు, ఆకుపచ్చ కాలనీలు వస్తాయి, ఆకుపచ్చవి ఎక్కువుంటే సార్ మొహం మారిపోయేది. చేసిన ప్లేట్లు మాత్రం తప్పనిసరిగా ఆటోక్లేవ్ చేశాకే పారెయ్యాలి.

ఒక రోజు గురించి రాయాలి. ఫిబ్రవరి రెండో వారం, ఇంకా చలి పోలేదు. పొద్దున్న ఏడున్నరకి నేను తలుపు తీసేసరికి ఒకాయన మెట్ల మీద కూర్చుని ఉన్నారు, లుంగీ, తలకి మఫ్లరు, చేతిలో నీళ్ళు పోసిన ప్లాస్టిక్ కవరు, అందులో పది పన్నెండు రొయ్యలు. రెండు కదులుతున్నాయి అంతే. సార్ ఇంకా రాలేదు. ఆయన ఏమీ అడక్కుండా కవరు నా చేతికిచ్చి లోపలికొచ్చి నిలబడ్డారు. నేను ట్రేలో వేసి ఒకదాని తల చిప్ప ఊడదీసి ట్యూబ్‌లైట్‌కి ఎదురుగా పట్టుకున్నా. లోపల వైపు తెల్లటి చుక్కలు, గుండ్రంగా, ఆవగింజ కంటే చిన్నవి. ఇంకోటి తీశా, దానికీ ఉన్నాయి. వైట్ స్పాట్ అనే వైరస్ జబ్బుకి గుర్తు అది. కన్ఫర్మ్ చెయ్యాలంటే పీసీఆర్ టెస్టు చెయ్యాలి, అది మా దగ్గర లేదు, బయటకి పంపిస్తాం, నోటితో చెప్పే అధికారం నాకు లేదు. కానీ ఆయన నా మొహమే చూస్తున్నారు. "ఉందా అమ్మా" అన్నారు. సార్ వస్తారండి కూర్చోండి అన్నా. ఆయనకి అర్థమైపోయింది. అరవై రెండు రోజుల పంటంట. సార్ వచ్చి చూసి మందులేం లేవండి దీనికి, ఇవాళే పట్టించేయండి, ఆ నీళ్ళు మాత్రం కాలవలోకి వదలకండి, బ్లీచింగ్ కొట్టి ఆపండి, పక్క చెరువులాళ్ళు కూడా మునిగిపోతారు అని నెమ్మదిగా చెప్పారు. ఆయన టెస్టుకి ఎంత అని అడిగారు. సార్ వద్దన్నారు. ఆయన వంద నోటు కౌంటర్ మీద పెట్టి వెళ్ళిపోయారు. ఆ రోజు లాగ్‌బుక్‌లో లెర్నింగ్ అవుట్‌కమ్ అనే కాలమ్‌లో ఏం రాయాలో నాకు చాలాసేపు తోచలేదు. చివరికి వైట్ స్పాట్ లక్షణాలు గుర్తించడం, నీళ్ళు బయటికి వదలకుండా ఆపడం అని రాశా.

లాగ్‌బుక్ సంగతి. రోజుకో వరస ఉంటుంది, ఆ రోజు చేసిన పని, నేర్చుకున్నది, ఇన్‌ఛార్జ్ సంతకం. వారానికో రిపోర్టు, అది పేజీ నిండా రాయాలి. అన్నీ ఇంగ్లీషులో. నేను ఇంటర్ దాకా తెలుగు మీడియం, ల్యాబ్‌లో రోజంతా మాట్లాడేది తెలుగు, సాయంత్రం ఆ తెలుగు పనిని ఇంగ్లీషులో పెట్టడం అనేది సగం ఇంటర్న్‌షిప్. సీసాలు కడిగిన రోజున ఏం నేర్చుకున్నావ్ అంటే ఏం రాస్తాం అని సీనియర్ లాగ్‌బుక్ అడిగి చూశా, అందులో ప్రతి రోజూ "ల్యాబ్ సేఫ్టీ గురించి తెలుసుకున్నాను" అనే ఉంది. నేను మాత్రం జరిగిందే రాశా, ఎన్ని శాంపిల్స్ వచ్చాయి, ఏ ఊరివి, ఏ రీడింగు మళ్ళీ చెయ్యాల్సొచ్చింది, ఇలా. బస్సులోనే తెలుగులో ఫోన్‌లో టైప్ చేసుకుని ఇంటికెళ్ళి ఇంగ్లీషులో రాసేదాన్ని. సంతకం మాత్రం ఏ రోజుది ఆ రోజు కుదరదు, సార్ సగం రోజులు చెరువుల మీదే ఉంటారు. శనివారం సాయంత్రం షాపు మూసేముందు వారం మొత్తానికి పెట్టించుకునేదాన్ని, ఆయన చదివి మరీ పెట్టేవారు, ఒకసారి ఆల్కలినిటీ స్పెల్లింగు దిద్దారు. నెలాఖరున పెట్టించుకుందాంలే అని వదిలేసినవాళ్ళు ఏప్రిల్‌లో ఒకే రోజు ఒకే పెన్నుతో మొత్తం పుస్తకం నింపించుకున్నారు, చూడగానే తెలిసిపోతుంది.

ఇప్పుడు ఎవరూ చెప్పని విషయం ఒకటి. ఇలాంటి ల్యాబులు చాలావరకు మందుల షాపుకి తోకలు. టెస్టు మీద మిగిలేది ఏమీ ఉండదు, చాలా చోట్ల ఫ్రీ. రిపోర్టులో ఆల్కలినిటీ తక్కువ అని వస్తే ముందు కౌంటర్లో మినరల్స్ బస్తా అమ్ముతారు, విబ్రియో ఎక్కువంటే ప్రోబయోటిక్ డబ్బా. మా సార్ రీడింగు ఎప్పుడూ మార్చలేదు, అది నేను కళ్ళారా చూశా, కానీ ఆ రీడింగుకి ఎన్ని డబ్బాలు అవసరం అనేది షాపులో కూర్చున్నాయన చెప్పేవాడు, సార్ కాదు. ఒకటి రెండుసార్లు సార్ లోపలినుంచి వచ్చి "అంత అక్కర్లేదండి, నీళ్ళు మార్చి చూడండి ముందు" అనడం, షాపులో ఆయన మొహం మాడ్చుకోవడం కూడా చూశా. ఇది నా రిపోర్టులో రాయలేదు, రాయలేం కూడా, సర్టిఫికెట్ ఇచ్చేది వాళ్ళే కదా. కానీ ఈ ఫీల్డులోకి రావాలనుకునేవాళ్ళకి తెలియాలి.

ఖర్చుల గురించి అడిగారు. స్టైపెండ్ లేదన్నారు మొదట్లోనే. మార్చి నుంచి ఓనర్ గారు నెలకి రెండు వేలు ఇచ్చారు, నేను అడగలేదు, సార్ చెప్పి ఉంటారు. మాది ఆకివీడు దగ్గర పల్లెటూరు, స్టూడెంట్ పాస్ ఉంది కానీ బస్టాండు నుంచి ల్యాబ్‌కి ఆటో, రానూపోనూ రోజుకి నలభై. ఆప్రాన్ 350, గ్లౌజులు ల్యాబ్‌వే. చివర్లో రిపోర్టు కలర్ ప్రింట్లు, మూడు కాపీలు, బైండింగు కలిపి 900 దాటింది, ఇది మాత్రం ఎవరూ ముందు చెప్పరు. ఒక కాపీ కాలేజీకి, ఒకటి ల్యాబ్‌కి, ఒకటి మనకి. ఫోటోలు కూడా కావాలి, పని చేస్తున్నట్టు, అవి మొదటి నెల నుంచే తీసుకోండి, ఏప్రిల్‌లో ఒకే రోజు ఒకే చుడీదార్‌లో నాలుగు నెలల ఫోటోలు దిగినవాళ్ళని చూశా.

గైడ్ మేడం విజిట్‌కి వస్తారని ఫిబ్రవరి మొదట్లో అన్నారు, మార్చి మధ్యలో వచ్చారు, పావుగంట ఉన్నారు. ఆ రోజు అదృష్టం కొద్దీ కౌంటర్ నిండా జనం, నేను చెయ్యి ఖాళీ లేకుండా ఉన్నా, మేడం ఒక పక్కన నిలబడి చూసి సార్‌తో రెండు మాటలు మాట్లాడి వెళ్ళిపోయారు. వేసవి పంటకి సీడ్ వదిలే టైము అది, అందరూ వదిలేముందు నీళ్ళు చూపించుకుంటారు.

2025 ఏప్రిల్ 2న అమెరికాలో ట్రంప్ టారిఫ్‌లు, అంటే దిగుమతి సుంకాలు, ప్రకటించాడు కదా, మన రొయ్యలు ఎక్కువగా వెళ్ళేది అక్కడికే, మర్నాటి నుంచే మా కౌంటర్ దగ్గర మాటలు మారిపోయాయి. రేట్లు పడిపోయాయి, కొనేవాళ్ళు వెనకాడుతున్నారు. ఇంకా పెంచి ముప్పై కౌంట్‌కి, అంటే కిలోకి ముప్పై రొయ్యలు తూగేదాకా, తెద్దాం అనుకున్నవాళ్ళు ఇప్పుడే పట్టేద్దామా ఆగుదామా అని సార్‌ని అడగడం, సార్ నేను నీళ్ళు చూస్తానండి రేటు నాకేం తెలుసు అనడం. వారం తిరగకుండా 9న తొంభై రోజులు ఆపామన్నారు, అయినా రైతుల భయం ఆగలేదు. శాంపిల్స్ బాగా తగ్గాయి, రేపు ఉంటుందో ఉండదో తెలీని పంటకి టెస్టు ఖర్చు ఎందుకని. మా బాబాయ్ కూడా ఆ వారమే పట్టేశాడు. లాభం లేదు నష్టం లేదు అని బయటికి చెప్తాడు, పిన్ని వేరేలా చెప్తుంది.

ఏప్రిల్ రెండో వారంలో పేపర్ పని. రేటింగ్ షీట్ ఒకటి ఉంటుంది, సూపర్‌వైజర్ మనకి ఒక్కో అంశానికి 1 నుంచి 5 దాకా వెయ్యాలి, మార్కుల్లో అది కలుస్తుంది. సార్ షీట్ నా చేతిలోనే పెట్టి "నువ్వే నింపేసుకో, సంతకం పెడతా" అన్నారు. కాదండి మీరే చూడండి అని కూర్చోబెట్టా. ఒక్కొక్కటీ చదివి అన్నిటికీ 5, 4 వేసి, టైముకి రావడం దగ్గర 3 వేశారు. నా బస్సు సంగతి ఆయనకి తెలుసు, అయినా వేశారు. కొంచెం బాధేసింది. గైడ్ మేడం అది చూసి నవ్వి "ఇది మంచిదే, అన్నీ అయిదులుంటే ఎవరూ నమ్మరు" అన్నారు.

వైవా ఏప్రిల్ 21 అన్నారు, మళ్ళీ 28కి మార్చారు, ఆ వారం రోజులు చదివిందే చదివి తలనొప్పి తెచ్చుకున్నా. ఎక్స్‌టర్నల్ ఎగ్జామినర్ వేరే కాలేజీ కెమిస్ట్రీ లెక్చరర్. లోపలికెళ్ళి ప్రెజెంటేషన్ మొదలెట్టగానే రెండో స్లైడ్ దగ్గర ఆపేశారు. లాగ్‌బుక్ తెరిచి మధ్యలో ఏదో పేజీ తీసి "జనవరి 20న హార్డ్‌నెస్ మళ్ళీ చేశాను అని రాశావ్, ఎందుకు?" అన్నారు. ఎండ్ పాయింట్ ఊదా దగ్గర ఆపితే తక్కువ రీడింగు వస్తుంది, నీలం వచ్చేదాకా వెళ్ళాలి, మూడుసార్లు పోల్చి చూశాం సార్ అన్నా. ఆయన కెమిస్ట్రీ మనిషి కదా, ఆ తర్వాత ఇంక టైట్రేషన్ మీదే పది నిమిషాలు. బఫర్ ఎందుకు వేస్తారు, పీహెచ్ ఎంత దగ్గర ఉంచాలి, చెరువు నీళ్ళలో కాల్షియం మెగ్నీషియం విడివిడిగా ఎందుకు చూస్తారు. తర్వాత టెస్టుకి ఎంత తీసుకుంటారు అని అడిగారు, చివర్లో టారిఫ్‌కీ మీ ల్యాబ్‌కీ ఏంటి సంబంధం అన్నారు. శాంపిల్స్ తగ్గిన సంగతి చెప్పా. ఇంగ్లీషులో మొదలెట్టి సగంలో తెలుగులోకి వచ్చేశా, ఆయన ఏమీ అనలేదు. అందరి ముందూ ఫోన్ తీసి లాగ్‌బుక్‌లో ఉన్న నంబరుకి చేసి సార్‌తో మాట్లాడారు కూడా. సార్ ఆ టైముకి ఏదో గట్టు మీద ఉన్నట్టున్నారు, ఏరేటర్ల సౌండు ఇక్కడిదాకా వినిపించింది.

ఆన్‌లైన్‌లో కొన్నవాళ్ళ సంగతి అడుగుతారు కదా. ఇద్దర్ని గట్టిగా పట్టుకున్నారు, సంస్థ ఎక్కడుందో కూడా చెప్పలేకపోయారు, మళ్ళీ రిపోర్టు రాసుకుని రమ్మన్నారు. మిగతావాళ్ళు పాసైపోయారు. జూన్ చివర్లో రిజల్ట్స్ వస్తే నాకు 200కి 171, పీడీఎఫ్ కొనుక్కుని బట్టీ పట్టిన మా క్లాస్ అబ్బాయికి 168. మూడు మార్కుల తేడా. చూడగానే ఒళ్ళు మండింది, ఇప్పటికీ మండుతుంది. మా అమ్మ మాత్రం ఫస్ట్ వచ్చావ్ కదే అంది, డిపార్ట్‌మెంట్ ఫస్ట్ అది, నిజమే.

సార్ జూలై నుంచి ల్యాబ్‌కి రమ్మన్నారు, నెలకి తొమ్మిది వేలు. ఎమ్మెస్సీ ఎంట్రన్స్ రాశాను, సీటు రాకపోతే వెళ్తా, వస్తే శని ఆదివారాలు వెళ్తా అని చెప్పా.

ఇంకొకటి, ఒరిజినల్ లాగ్‌బుక్ కాలేజీ ఉంచేసుకుంటుంది, తిరిగివ్వదు. వైవాకి ముందు రోజే మొత్తం జిరాక్స్ తీయించుకోండి, స్టాంపు పేజీలతో సహా. ల్యాబ్ ఉద్యోగానికి వెళ్తే మార్కుల లిస్టు కంటే ముందు అదే అడుగుతున్నారు. సర్టిఫికెట్‌లో మీ పేరు, హాల్ టికెట్ నంబరు, మొదలు చివర తేదీలు సంతకం పెట్టించుకునేముందే చూసుకోండి, మా ఫ్రెండ్‌ది ఇంటిపేరు తప్పు పడి మళ్ళీ స్టాంపు కోసం రెండు వారాలు తిరిగింది.